పాత చేపల తొట్టి: బాగుచేయుటా, మార్చుటా?

"చేపల తొట్టి కారుచున్నది. బాగుచేయించుకొనవలెనా, తీసివేసి క్రొత్తది కొనవలెనా?" అని అడుగువారు ఈ మధ్య గ్రామములలో గూడ కనబడుచున్నారు. ఒకప్పుడు అక్వేరియము అనగా పట్టణములలోను, ఎగ్జిబిషనులలోను చూచెడి వింత. ఇప్పుడు పంచాయతీ ఆఫీసు వరండాలోను, బడిలోను, పెరటిలో గప్పీ, మోలీ, ప్లాటీ పిల్లలను తీయించి అమ్ముకొను ఇండ్లలోను గాజు తొట్లు ఉన్నవి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల పెంపకమును గూడ చేర్చి, 3 లక్షల రూపాయల యూనిట్ ఖర్చు మీద సాధారణ వర్గముల వారికి 40 శాతము, స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి 60 శాతము సహాయము నిర్ణయించిరి. చేపలను పెంచు విధానమును గురించి చెప్పువారు చాలమంది కలరు. తొట్టి ముసలిదైనప్పుడు ఏమి చేయవలెనో చెప్పువారు తక్కువ. కావున ఆ సంగతి ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందు చూడవలసినది

నేలమీద చెమ్మ కనబడగానే తొట్టి పగిలినదని అనుకొనరాదు. ఎండకాలములో మూత లేని తొట్టిలో నీరు రోజుకు అర సెంటీమీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి గూడ ఆవిరియై పోవును. దీనిని తెలిసికొనుటకు సులువైన పద్ధతి ఒకటి గలదు. తొట్టి ప్రక్కనే ఒక బకెట్టు నిండ నీరు పెట్టి, గాలి పంపును ఆపి, రెండింటిలోను నీటిమట్టమునకు గుర్తు పెట్టి ఒక పగలు, ఒక రాత్రి ఊరకుండవలెను. చేపలు కిక్కిరిసి ఉన్నచో పంపును ఆపక, నీటి తుంపరలు బయట పడకుండ చూచుకొనిన చాలును. రెండింటిలోను మట్టము సుమారు ఒకే విధముగా దిగినచో అది ఆవిరి. తొట్టిలో ఎక్కువ దిగినచో అది కారుట.

మరియొక మోసము గాలి గొట్టము వలన వచ్చును. పంపును నీటిమట్టము కంటె క్రింద పెట్టియున్నప్పుడు కరెంటు పోయినచో తొట్టిలోని నీరు సన్న గొట్టము గుండ వెనుకకు వచ్చి బొట్లుబొట్లుగా కారును. కరెంటు రాగానే అది ఆగిపోవును. ఇంటివారు తొట్టియే ఒకప్పుడు కారి, ఒకప్పుడు మానుచున్నదని ఆశ్చర్యపడుదురు. పంపును నీటిమట్టమునకు పైన తగిలించినచో ఈ బాధ ఉండదు. వైర్లలోనికి నీరెక్కు ప్రమాదము గూడ తప్పును.

నిజముగా కారుచున్నదని తేలినచో, ఎక్కడ అనునది తొట్టియే చెప్పును. చేపలను వేరొక పాత్రలోనికి మార్చి నీటిని దాని దారిన దిగనీయవలెను. ఏ మట్టము వద్ద దిగుట ఆగునో రంధ్రము ఆ ఎత్తుననే ఉండును. అడుగు వరకు దిగినచో తప్పు అడుగు అతుకుననే ఉన్నది. తొట్టి క్రింద పాత వార్తాపత్రికలు పరచినచో మొదట తడిసిన మూల గూడ తెలియును.

తరువాత బల్లను చూడవలెను. దీనిని చాలమంది మరచెదరు. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల తొట్టిలో అంచు వరకు 182 లీటర్ల నీరు పట్టును. 40 సెంటీమీటర్ల వరకు నింపినను 162 లీటర్లు, అనగా 162 కిలోలు. 6 మిల్లీమీటర్ల గాజు బరువు 24 కిలోలు. ఇసుక, రాళ్లు కలిసి 200 కిలోలు దాటును. 75 కిలోల ధాన్యపు బస్తాలు మూడింటికి కొంచెము తక్కువ. ఇంత బరువును చెదపట్టిన బల్ల మీదనో, ఒక కాలు పొట్టియైన స్టూలు మీదనో పెట్టినచో గాజు మెలితిరిగి ఒక మూల అతుకు విడిపోవును. అట్టి బల్లమీద క్రొత్త తొట్టి పెట్టినను గతి అదే. బల్ల సమముగా లేదని తేలినచో ముందు దానిని సరిచేసి, చట్రము లేని గాజు తొట్టియైనచో అడుగున ఒక థర్మోకోల్ పలక పరచవలెను. తొట్టి ధర కంటె ఈ పలక ధర ఎంత తక్కువో చెప్పనక్కరలేదు.

తప్పు అతుకులోనా, అద్దములోనా?

బాగుచేయుటా, మార్చుటా అను ప్రశ్నకు జవాబు తొట్టి వయస్సులో లేదు. దాని ధరలో గూడ పూర్తిగా లేదు. తప్పు అతుకులో ఉన్నదా, అద్దములో ఉన్నదా అనుటలో ఉన్నది. అతుకు పోయిన తొట్టికి మందు కలదు. అద్దము పగిలిన తొట్టికి చాలవరకు లేదు.

ఈనాటి తొట్లు గాజు పలకలను సిలికోన్ జిగురుతో ఒకదానికొకటి అంటించి చేసినవి. ఆ జిగురు రెండు చోట్ల ఉండును. పలక అంచునకు, పలకకు నడుమ నుండునది తొట్టిని పట్టి నిలుపు జిగురు. లోపలి మూలల వెంట గుండ్రముగా దిద్దినది నీరు ఆ నడుమకు పోకుండ కాపాడు పూత. లోపలి పూత అంచు గోటితో లాగిన లేచుచున్నను, దాని వెనుక పచ్చని పాచి పెరిగినను పూత పట్టు విడిచినదని తెలియవలెను. ఇది బాగగును. కాని వెలుపలి నుండి వెలుతురులో చూచినప్పుడు పలకల నడుమ జిగురులో తెల్లని చారలు, గాలి బుడగలు వరుసగా ఏర్పడి ఒక ప్రక్క నుండి రెండవ ప్రక్కకు దారి చేయుచున్నచో పట్టి నిలుపు జిగురే పోవుచున్నదన్నమాట. పైపూత దానికి చాలదు.

అద్దము సంగతి వేరు. అంచున చిన్న పెచ్చు లేచి, అది అతుకునకు దూరముగా ఉన్నచో భయము లేదు. ఉప్పునీటి తెల్లని పొర వెనిగరుతోనో, నిమ్మరసముతోనో పోవును. దానికొరకు తొట్టిని మార్చుట దండుగ. వెలుపలి వైపు పలక నడుమ లోతైన గీత ఉన్నచో మాత్రము అనుమానింపవలెను. నీటి తోపునకు పలక బయటికి ఉబ్బును గనుక వెలుపలి ముఖము సాగుచుండును. పగులు అచ్చట మొదలగును. ఇక వెంట్రుకవాసి పగులైనను సరే, అడుగు పలకలో గాని, నిలువు పలకలో గాని కనబడినచో ఆ పలకకు ఆయువు తీరినది. దానిమీద గాజు ముక్క అంటించుట, నీటి గొట్టములకు వాడు ముద్దను మెత్తుట నేను చాలచోట్ల చూచితిని. ఆ ముద్ద గాజుతో కలిసి కదలదు. కొలది కాలములో ఊడును.

నీటి ఎత్తును గురించి ఒక మాట. పొడవు పెరిగినంత మాత్రమున నీటి ఒత్తిడి పెరుగదు, ఎత్తుతో పెరుగును. 90 సెంటీమీటర్ల పలకమీద 30 సెంటీమీటర్ల నీరు సుమారు 40 కిలోల బలముతో త్రోయును. 45 సెంటీమీటర్ల నీరు సుమారు 91 కిలోలతో, 60 సెంటీమీటర్ల నీరు 162 కిలోలతో త్రోయును. ఎత్తు రెట్టింపైనచో తోపు నాలుగు రెట్లు. కావున పొట్టి తొట్టి మరమ్మతునకు ధైర్యము చేయవచ్చును, ఎత్తు తొట్టికి వెనుకాడవలెను. 45 సెంటీమీటర్ల ఎత్తునకు పైన అడ్డ పట్టీలున్నచో 6 మిల్లీమీటర్ల గాజు వాడుకలో ఉన్నది, 8 అయిన నిశ్చింత. 60 ఎత్తునకు 10కి తక్కువ పనికిరాదు. మీ పాత తొట్టి గాజు ఇంతకంటె పలుచన అయినచో దానిని బాగుచేయుటకు ఖర్చు పెట్టకుడు. పై పట్టీ ఊడి, పొడుగు పలకలు నడుమ బయటికి ఉబ్బుచున్నచో ఇంకొక ఆలోచన లేకుండ వెంటనే నీరు సగము తీసివేయవలెను.

నేను చెప్పిన తప్పు సలహా

కొన్ని ఏండ్ల క్రిందట ఒక ఊరిలో ఒక ఇల్లాలు వరండాలో నాలుగు తొట్లు పెట్టి మోలీలను పెంచుచుండెను. పెద్ద తొట్టి ఒక మూల చెమర్చుచున్నదని నాకు చూపినది. అందులో ఆ ఋతువునకు ఆమె ఏరి ఉంచుకొన్న తల్లి చేపలున్నవి. తొట్టి అంతయు ఖాళీ చేయుట వారికి కష్టమని తలచి, నీరు సగము దించి, ఆ మూల జానెడు మేర తుడిచి ఆరబెట్టి పాత పూతమీదనే క్రొత్త జిగురు పూయుమని చెప్పితిని. ఇరువది రోజులు చుక్క కారలేదు. తరువాత ఒక రాత్రి ఆ పూత తోలువలె ఊడివచ్చినది. తెల్లవారుసరికి వరండా అంతయు నీరు, తొట్టి అడుగున నాలుగు వ్రేళ్ల నీటిలో కొన్ని చేపలు మాత్రము బ్రతికియున్నవి. నేను మరల వెళ్లినప్పుడు ఆమె నన్నేమియు అనలేదు. "మీరు చెప్పినట్లే చేసితిమి గదండీ" అని మాత్రము అన్నది.

తప్పు ఎక్కడ జరిగినదో తరువాత నేర్చుకొంటిని. గట్టిపడిన పాత సిలికోన్ మీద క్రొత్త సిలికోన్ అంటదు. గాజుమీదనే అంటును. చెరువు గట్టునకు బొక్క పడినప్పుడు పాత మట్టిని మెట్లు మెట్లుగా త్రవ్వక పైపైన క్రొత్త మట్టి మెత్తినచో తొలి వానకే జారిపోవునని మనకు తెలియును. ఇదియు అట్లే. చిల్లిపడిన బిందెకు మాటు వేసినట్లు తొట్టికి ఒక్కచోట మాటు వేయుట కుదరదు. లోపలి పూత మొత్తము తీసి మొత్తము వేయవలెను, లేదా అసలు వేయకూడదు.

మరమ్మతు చేయు విధము

తొట్టిని పూర్తిగా ఖాళీ చేయవలెను. కొంచెము నీరున్నను తొట్టిని కదలింపరాదు. అది ఊగినప్పుడు మంచి అతుకులు గూడ లాగబడును. క్షవరపు బ్లేడుతో లోపలి పూతను నాలుగు నిలువు మూలలనుండి, అడుగు నాలుగు అంచులనుండి కోసి తీయవలెను. పలకల నడుమనున్న జిగురులోనికి బ్లేడు పోనీయరాదు. సన్నని పొర మిగిలినను క్రొత్తది పట్టదు గనుక ఓపికతో గీకవలెను. సగము దినము ఇందుకే పోవును, పోనిండు. తరువాత మెడికల్ షాపులో దొరకు స్పిరిటుతో శుభ్రమైన గుడ్డ తడిపి గాజును రెండుసార్లు తుడిచి ఆరనీయవలెను. సబ్బు తాకింపరాదు.

జిగురు ఎన్నుకొనుటలో జాగ్రత్త. ట్యూబు మీద అక్వేరియమునకు అని వ్రాసియున్నదే కొనవలెను. స్నానపు గదులకు బూజు పట్టకుండ చేసిన జిగురులో బూజు మందు కలిసియుండును. అది చేపలకు విషము. పైన చెప్పిన 90 సెంటీమీటర్ల తొట్టిలో లోపలి మూలల పొడవు మొత్తము నాలుగున్నర మీటర్లు. 6 మిల్లీమీటర్ల పూతకు 80, 90 మిల్లీలీటర్ల జిగురు చాలును గనుక 280 మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి తెచ్చిన మిగులును. మూలకు ఇరుప్రక్కల కాగితపు టేపు అంటించి, ఒక అంచు తరువాత ఒక అంచు ఆగకుండ పూసి, వ్రేలితో ఒక్కసారి దిద్ది, పైపొర కట్టకముందే టేపు లాగివేయవలెను. మరల మరల దిద్దినచో పాడగును.

ఈ జిగురు గాలిలోని చెమ్మను పీల్చి గట్టిపడును. త్వరపడి ఎండలో పెట్టవలదు. నీడలో 7 రోజులు ఉంచవలెను. వెనిగరువంటి పుల్లని వాసన పూర్తిగా పోయిన తరువాత తొట్టిని ఇంటి బయట, సమమైన చోట, పత్రికల మీద పెట్టి మొదట మూడవ వంతు, మరునాడు రెండు వంతులు, మూడవనాడు నిండుగా నింపి చూడవలెను. ఇంకొక రెండు రోజులు పత్రికలు పొడిగా ఉన్నచో ఆ నీరు పారబోసి వాడుకొనవచ్చును.

ఒక్క పలక మాత్రము పగిలి మిగిలినవి మంచివైనచో అదే మందము గల పలకను కోయించి మార్పించవచ్చును. అడుగు పలకయైనను, రెండు పలకలైనను ఆ పనికి దిగవద్దని నా అభిప్రాయము. అప్పుడు దాదాపు అతుకులన్నియు విప్పవలెను. విప్పి కట్టిన శ్రమ క్రొత్త తొట్టి కట్టిన శ్రమయే. దుకాణములో జిగురు ట్యూబు ధర, కోసిన పలక ధర, కూలి, అదే కొలత గల క్రొత్త తొట్టి ధర నాలుగును అడుగుడు. మొదటి మూడు కలిసి నాల్గవదానిలో సగము దాటినచో క్రొత్తదే చౌక. లెక్కలో తొట్టి ధరతోపాటు అందులో పెట్టబోవు చేపల ధర గూడ వేసికొనవలెను. ఐదు గప్పీల తొట్టికి ఒక తెగువ, తల్లి చేపల తొట్టికి ఒక తెగువ.

పాత ఇనుప చట్రపు తొట్లు

కొన్ని బడులలోను, పాత ఇండ్లలోను ఇనుప చట్రములో గాజు పలకలను పుట్టీతో బిగించిన తొట్లు ఇంకను కలవు. సిలికోన్ రాకముందు తొట్లన్నియు ఇట్లే చేసెడివారు. నీరు ఉన్నంతకాలము పుట్టీ మెత్తగా ఉండి పట్టుకొనును. ఏండ్ల తరబడి ఎండబెట్టి పడవేసినచో బీటలు వారును. కొన్నిటిలో ఎఱ్ఱ సీసపు పుట్టీ వాడిరి. అది చేపలకు గాని, గీకు మనిషికి గాని మంచిది గాదు. చట్రము త్రుప్పుపట్టి ఉబ్బి గాజును నొక్కుచున్నచో దానిని జ్ఞాపకార్థము దాచుకొనుడు, నీరు పోయకుడు.

ఖాళీ చేసి బాగుచేసిన ప్రతి తొట్టియు మునుపటివలె అగునను నమ్మకము పెద్దవారికి గూడ చెల్లలేదు. జర్మనీలోని బెర్లినులో ఒక హోటలు నడుమ నిలిపిన స్తంభమువంటి పెద్ద అక్వేరియము 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున పగిలి 10 లక్షల లీటర్ల నీరు వీధిలోనికి పోయినది. సుమారు 1,500 చేపలలో మిక్కిలి భాగము చచ్చినవి. అది గాజు గాక అక్రిలిక్‌తో చేసినది. అంతకు రెండు మూడేండ్ల ముందు దానిని ఖాళీ చేసి మరమ్మతు చేసియుండిరి. 2023లో పరిశీలించిన నిపుణుడు అతుకు జిగురు విడుట, మరమ్మతులో అడుగున పడిన గంటు, ఖాళీగా ఉన్నప్పుడు అక్రిలిక్ ఎండిపోవుట అను మూడింటిని కారణములుగా ఊహించెను గాని, ఏది నిజమో తేలలేదు.

మార్చదలచినచో

చూచుటకు కాక అమ్ముటకు పెంచువారు పగిలిన గాజు తొట్టి స్థానములో మరల గాజు తొట్టియే కొనవలెనని లేదు. పెరటిలో నీడనున్నచో చిన్న సిమెంటు తొట్టి కట్టించుకొనుట మేలు. క్రొత్త సిమెంటు సున్నము నీటిలోనికి దిగి చేపలను చంపును గనుక రెండు, మూడు వారములు నీరు నింపుచు, పారబోయుచు ఉండవలెను. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టుట మనవారి అలవాటు, అది మంచిదే.

మరమ్మతైనను, మార్పైనను నడుమ చేపలను ఉంచు ఏర్పాటు ముందే చేసికొనవలెను. వెడల్పు మూతి గల డ్రమ్ములో పాత తొట్టి నీరే పోసి, గాలి పంపు పెట్టి, మేత సగమునకు తగ్గించవలెను. పురుగుమందు కలిపిన బకెట్టు గాని, పిచికారీ డబ్బా గాని ఎంత కడిగినను ఈ పనికి వాడరాదు. ఫిల్టరు స్పాంజిని పారవేయకుడు, ఎండబెట్టకుడు, కుళాయి నీటితో కడుగకుడు. చేపల మలమూత్రములవలన పుట్టు అమ్మోనియా విషమును విరుచు సూక్ష్మజీవులు దానిలో కాపురముండును. క్రొత్త తొట్టిలో అవి మరల పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. క్రొత్త తొట్టి, క్రొత్త ఇసుక, క్రొత్త నీరు ఒకేసారి పెట్టి, పది రోజులలో చేపలు చచ్చిన తరువాత తొట్టిని తిట్టువారు చాలమంది కలరు. స్పాంజిని చేపలతోపాటే డ్రములో ఉంచి, పాత ఇసుకలో కొంత క్రొత్త తొట్టికి తెచ్చి, చేపలను ఒకేసారి గాక రెండు మూడు విడతలుగా మార్చవలెను.

ఇక విడిచిన తొట్టి. అతుకు మాత్రము బలహీనమై అద్దములు మంచివైనచో 15 సెంటీమీటర్లకు మించకుండ నీరు పోసి, బయటనే ఉంచి, పిల్లలను విడదీయుటకు వాడవచ్చును. అసలే నీరు నిలువకున్నచో వేసవిలో కూరగాయ నారు కుండీల మీద బోర్లించి కోళ్లనుండి కాపాడవచ్చును. మధ్యాహ్నపు ఎండలో మాత్రము తీసివేయవలెను, లేనిచో నారు ఉడికిపోవును. పగిలిన పలకలను చెత్తకుప్పలో వేయక, గోనె గుడ్డలో చుట్టి పాత గాజు కొనువానికి ఇచ్చివేయవలెను.